ఏడుసార్లు వదిలేసి ఎనిమిదోసారి కనిపెట్టారట!

అమెరికన్ ఫుట్‌బాల్‌లో విసిరిన బంతిని పట్టి పరిగెత్తేవాడు రిసీవర్. డెట్రాయిట్ లయన్స్ రిసీవర్ ఆమన్-రా సెయింట్ బ్రౌన్‌ను అడిగితే పదహారు పేర్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. కళాశాల ఆటగాళ్లను ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2021లో తనకంటే ముందు ఎంపికైన పదహారు మంది రిసీవర్ల పేర్లవి. జమార్ చేజ్‌తో మొదలై డెజ్ ఫిట్జ్‌ప్యాట్రిక్‌తో ముగుస్తుంది జాబితా. అభిమానులకు ఈ కథంటే ప్రాణం. అవమానం, పంతం, ప్రతీకారం మూడూ ఉన్నాయి మరి. అయితే ఆ జాబితాలోకి ఎక్కని లెక్క ఒకటుంది. అతన్ని 112వ స్థానంలో తీసుకున్న లయన్స్, అంతకుముందే మరో నలుగురిని తీసుకుంది. సొంత జట్టే అతన్ని నాలుగుసార్లు దాటేసిందన్నమాట.

ఈ లెక్క అక్కడితో ఆగదు. 2023లో పూకా నకూవాను లాస్ ఏంజెలెస్ రామ్స్ ఐదో రౌండ్‌లో, 177వ స్థానంలో తీసుకుంది. అతను మొదటి సీజన్‌లోనే 105 క్యాచ్‌లు పట్టి బంతిని 1,486 గజాలు ముందుకు చేర్చాడు. కొత్త ఆటగాడి గజాల రికార్డు 1960 నుంచి బిల్ గ్రోమన్ పేరు మీద ఉండేది, దాన్ని చెరిపేశాడు. ఆటగాళ్లను వెతికిపెట్టే రామ్స్ స్కౌట్ల చూపు ఎంత నిశితమో అని పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. నిజమే, చూశారు. కానీ నకూవా ఆ ఏడాది రామ్స్‌కు ఎనిమిదో ఎంపిక. ఏడుసార్లు అవకాశం వచ్చింది, ఏడుసార్లూ మరొకరి పేరు చదివారు. 2010లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 195వ స్థానంలో ఆంటోనియో బ్రౌన్‌ను తీసుకోవడానికి ముందు ఎనిమిది మందిని ఎంచుకుంది. వారిలో ఒకడు, ఇమాన్యుయెల్ శాండర్స్, రిసీవరే. రిసీవర్ కాకపోయినా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ పేరు చెప్పకుండా ఈ సంగతి పూర్తికాదు: 2000లో పేట్రియట్స్ ఆరుగురిని తీసుకున్నాకే 199వ స్థానంలో అతని వంతు వచ్చింది.

ఒక ఆటగాడు అంతటివాడవుతాడని నిజంగా తెలిసిన జట్టు, మరో 31 జట్లు కాచుకుని ఉన్నచోట అంతసేపు ఆగుతుందా? 'మిగతావారు ముట్టుకోరని తెలుసు కాబట్టే ఆగాం' అని కొందరు మేనేజర్లు తర్వాత చెబుతుంటారు. 1,486 గజాల మనిషి విషయంలో అలాంటి జూదం ఎవరూ ఆడరు. చివరి రౌండ్లలో దొరికిన గొప్ప రిసీవర్లను ఎవరూ 'కనిపెట్టలేదు' అన్నది నా వాదన. వాళ్లకు ఒక చిన్న అవకాశం ఇచ్చారు, అంతే. ఆ అవకాశం ఎందుకు ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు అన్నవే పరిశీలించదగ్గ ప్రశ్నలు.

ఐపీఎల్ వేలానికి అలవాటైన కళ్లకు ఈ పద్ధతి కాస్త వింతగా ఉంటుంది. ఇక్కడ పాట పాడి ధర పెంచడం ఉండదు. ముందటి ఏడాది బాగా ఓడిన జట్టు ముందు ఎంచుకుంటుంది, గెలిచిన జట్టు చివర. మూడు రోజుల్లో ఏడు రౌండ్లు, సుమారు 257 మంది. గురువారం రాత్రి మొదటి రౌండ్, శుక్రవారం రెండూ మూడూ, శనివారం మిగతా నాలుగు. డాలస్ శివారు ఫ్రిస్కోలో కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం చుట్టూ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉంటాయి, ఆఫీసు ఫాంటసీ లీగుల పుణ్యమా అని మనవాళ్లకూ గురువారం పేర్లు నోటికి వస్తున్నాయి. శనివారం మధ్యాహ్నం ఎవరు చూస్తారు? ఈ వ్యాసం ఆ మధ్యాహ్నం గురించి.

రిసీవర్ల విషయంలో అందరి కళ్లూ ముందుగా పడేది 40 గజాల పరుగు మీద. డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపోలిస్‌లో ఏటా జరిగే శారీరక పరీక్షల్లో (కంబైన్) గడియారం పట్టుకుని కొలుస్తారు. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తి అప్పటికి రికార్డు సృష్టించాడు. సిన్సినాటి బెంగాల్స్ అతన్ని తొమ్మిదో స్థానంలో తీసుకుంది. అతను ఏ ఒక్క సీజన్‌లోనూ వెయ్యి గజాలు చేరలేదు. అదే డ్రాఫ్ట్‌లో 4.62 సెకన్లు తీసుకున్న కూపర్ కప్ మూడో రౌండ్‌లో 69వ స్థానం దాకా మిగిలిపోయాడు. 2021లో కప్ 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) మూడింటిలోనూ లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. సెయింట్ బ్రౌన్ జాబితాలోని పదహారు మందిలో ఆంథొనీ ష్వార్ట్జ్ ఉన్నాడు. 2018లో 20 ఏళ్లలోపు వారి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో 100 మీటర్ల రజత పతకం గెలిచినవాడు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ మూడో రౌండ్‌లో తీసుకుని రెండు సీజన్ల తర్వాత వదులుకుంది.

వేగం అక్కర్లేదని కాదు. రిసీవర్ పని తిన్నగా పరిగెత్తడం కాదు. ఎదురుగా చేతులు చాచి ఆపబోయే డిఫెండర్‌ను మొదటి రెండు అడుగుల్లోనే తప్పించుకోవాలి. పన్నెండు గజాలు ప్రాణం పోయేలా పరిగెత్తి, వెంటపడినవాడు ఇంకా ముందుకే దూసుకుపోతుండగా ఉన్నచోటే ఆగి తిరగాలి. విద్య అంతా ఆ ఆగడంలో ఉంది. ఎంత త్వరగా వేగం అందుకుంటాడో కొలిచే గడియారం, ఎంత త్వరగా ఆగుతాడో కొలవదు. కాబట్టి శనివారం దాకా జారిన రిసీవర్ల పేర్ల పక్కన 'వేగం చాలదు' అన్న ఒక్క కారణమే కనిపిస్తే, నేను అతని ఆట వీడియోలు ముందు తెరుస్తాను. కళాశాల ఆటలో డిఫెండర్‌కూ అతనికీ మధ్య ఖాళీ ఏర్పడుతోందా? ఏర్పడుతుంటే ఆ గడియారాన్ని క్షమించవచ్చు.

జారడానికి వేరే కారణాలూ ఉంటాయి, అన్నీ ఒక్క తూకానివి కావు. నకూవా వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి బ్రిగమ్ యంగ్‌కు మారాడు, గాయాలు వెంటాడి ఆటలు తప్పాడు. మైదానంలో ఉన్నంతసేపు అతన్ని ఆపినవారు తక్కువ. ఇలాంటి జారుడు అసలు ప్రతిభ మీద తీర్పు కాదు, ఎన్ని ఆటలు దొరుకుతాయన్న అనుమానం మాత్రమే. న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ 2006లో 252వ స్థానంలో తీసుకున్న మార్కస్ కోల్‌స్టన్ హాఫ్‌స్ట్రా అనే చిన్న కళాశాల నుంచి వచ్చాడు. ఎదుటివారి స్థాయి తక్కువ కాబట్టి అతని అంకెలను ఎవరూ నమ్మలేదు. మొదటి ఏడాదే వెయ్యి గజాలు దాటాడు. జూలియన్ ఎడెల్‌మన్ కెంట్ స్టేట్‌లో క్వార్టర్‌బ్యాక్, రిసీవర్‌గా చూడటానికి వీడియోయే లేదు.

టైరీక్ హిల్ వేరు. 2016లో 165వ స్థానం దాకా జారడానికి కారణం ఆట కాదు, గృహహింస కేసులో నేరం ఒప్పుకోవడం. కాన్సాస్ సిటీ చీఫ్స్ ఆ రోజు విమర్శలు మూటగట్టుకుంది. ఆ ఎంపికను 'చివరి రౌండ్ల ఆణిముత్యం' ఖాతాలో వేయడం నాకు మింగుడుపడదు. అతని వేగం అందరికీ తెలుసు, మిగతా జట్లు తెలిసే వదులుకున్నాయి. అందులో చీఫ్స్ స్కౌట్ల చూపు గొప్పతనమేమీ లేదు, ఒక నైతిక భారం మోయడానికి వారు ఒప్పుకున్నారు. రెండింటినీ ఒకే గాటన కట్టి లెక్కలు తీస్తే ఆ లెక్కకు విలువ ఉండదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ, 2018లో గ్రీన్ బే ప్యాకర్స్. ఆ శనివారం ఆ జట్టు వరస రౌండ్లలో ముగ్గురు రిసీవర్లను తీసుకుంది. నాలుగో రౌండ్‌లో 133వ స్థానంలో జేమన్ మూర్, ఐదో రౌండ్‌లో 174వ స్థానంలో మార్కెజ్ వాల్డెస్-స్కాంట్లింగ్, ఆరో రౌండ్‌లో 207వ స్థానంలో ఇక్వానిమియస్ సెయింట్ బ్రౌన్. జట్టు ఒకటే, స్కౌట్లూ క్వార్టర్‌బ్యాకూ వారే. ముగ్గురిలో ఎవరు మెరుగో ఆ జట్టుకు తెలిసి ఉంటే వరస అలాగే నిజం కావాలి. జరిగిందేమిటి? అందరికంటే ముందు తీసుకున్న మూర్‌ను మరుసటి ఏడాది సీజన్ మొదలయ్యే లోపే వదులుకుంది. రెండోవాడు నిలదొక్కుకుని, తర్వాత చీఫ్స్‌కు వెళ్లి రెండు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) విజేత ఉంగరాలు తెచ్చుకున్నాడు. మూడోవాడు ఆమన్-రాకు సొంత అన్న. తమ్ముడికంటే పొడగరి, పరుగులోనూ ముందున్నవాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే తండ్రి శిక్షణలో పెరిగారు. లీగ్‌లో పేరు మాత్రం తమ్ముడిదే. పొడవూ వేగమూ రాసుకున్న కాగితం చూసి ఆ ఇంట్లో ఎవరిని ఎంచుకునేవారో పాఠకులే ఊహించుకోవచ్చు.

పరిశోధకులు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ ఈ సంగతినే అంకెల్లో పట్టారు. ఒకే స్థానంలో ఆడేవారిలో ముందు ఎంపికైనవాడు, అతని వెంటనే ఎంపికైనవాడికంటే మెరుగ్గా రాణించే అవకాశం 52 శాతమేనని వారి పరిశోధన తేల్చింది. నాణెం ఎగరేస్తే 50. ఆ రెండు శాతం కోసమే ఇన్ని ప్రయాణాలు, ఇన్ని ఇంటర్వ్యూలు, ఇంత గడియారం!

అలాంటప్పుడు చేయదగ్గ పని ఒక్కటే: ఎక్కువమందిని తీసుకోవడం. కొండకు వెంట్రుక కట్టి లాగినట్టు, వస్తే కొండ, పోతే వెంట్రుక. నకూవా దొరికిన ఏడాది రామ్స్ మొత్తం 14 మందిని తీసుకుంది. నా దృష్టిలో వారి అసలు తెలివి అక్కడుంది. నకూవా నాలుగేళ్ల తొలి ఒప్పందం విలువ సుమారు 40 లక్షల డాలర్లు. సెయింట్ బ్రౌన్‌తో 2024లో లయన్స్ కుదుర్చుకున్న నాలుగేళ్ల పొడిగింపు విలువ 12 కోట్ల డాలర్లు. వెంట్రుకకూ కొండకూ మధ్య దూరం అది. అదే రామ్స్ 2021లో తన మొట్టమొదటి ఎంపికను, 57వ స్థానాన్ని, చిన్నపాటి శరీరం గల టూటూ ఆట్‌వెల్ మీద పెట్టింది. సెయింట్ బ్రౌన్ అప్పటికి ఇంకా మిగిలే ఉన్నాడు. అతను ఆడింది లాస్ ఏంజెలెస్ నగరంలోనే ఉన్న సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇక, ఎక్కడ అవకాశం దొరికిందన్న ప్రశ్న. దీన్ని విశ్లేషకులు కావలసినంత పట్టించుకోరు. 2023 సీజన్ మొదట్లో కూపర్ కప్ గాయంతో నాలుగు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ఆ ఖాళీలోకి నకూవా వచ్చాడు. మొదటి మ్యాచ్‌లో 10 క్యాచ్‌లు, రెండో మ్యాచ్‌లో 15. బంతి విసిరేవాడు మాథ్యూ స్టాఫర్డ్. కప్ తొడ కండరం బాగుండి ఉంటే నకూవా గొప్ప ఆటగాడు కాకుండా పోయేవాడని కాదు, కానీ ఆ రికార్డు మాత్రం వచ్చేది కాదేమో. కోల్‌స్టన్ సెయింట్స్‌లో అడుగుపెట్టిన ఏడాదే క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్, కోచ్ షాన్ పేటన్ కూడా అడుగుపెట్టారు. ఎడెల్‌మన్ కథ దీనికి పూర్తిగా భిన్నం. 2009లో 232వ స్థానంలో పేట్రియట్స్‌కు వచ్చి, నాలుగేళ్లు ఎక్కువగా ప్రత్యర్థి తన్నిన బంతిని (పంట్) పట్టి తిరిగి పరిగెత్తే పనితోనే జట్టులో వేలాడాడు. 2013లో ఆ జట్టు రిసీవర్ వెస్ వెల్కర్ డెన్వర్ వెళ్లిపోయాక 105 క్యాచ్‌లు పట్టాడు. ఆ నాలుగేళ్లలో ఏ ఏడాదైనా జట్టు అతన్ని వదిలేసి ఉంటే, 'చివరి రౌండ్‌లో పోయిన ఎంపిక' అని మర్చిపోయేవాళ్లం.

కాబట్టి డ్రాఫ్ట్ ముగిసిన మరునాడే జట్లకు మార్కులు వేసే అలవాటు, కనీసం నాలుగో రౌండ్ తర్వాతైనా, మానుకుంటే బాగుంటుంది. పరీక్ష రాయకముందే మార్కులు వేసే మాస్టారిని మనం ఎక్కడా చూడలేదు. నన్ను అడిగితే శనివారం రిసీవర్ పేరు చదవగానే చూడవలసింది అతని స్థానం సంఖ్య కాదు. ఆ జట్టులో అతని ముందున్న నలుగురి వయసు చూడాలి, ఒప్పందాలు ఎప్పుడు ముగుస్తాయో చూడాలి. 53 మంది జట్టులో ఐదో రిసీవర్‌గా మిగలాలంటే బంతిని కాలితో తన్నే సందర్భాల్లో దిగే ప్రత్యేక బృందాల్లో అతనికి పని దొరుకుతుందా అన్నది మరీ ముఖ్యం. ఆంటోనియో బ్రౌన్ లీగ్‌లో మొదటిసారి బంతి ముట్టుకున్నది, ఆట మొదలుపెట్టేందుకు ప్రత్యర్థి బంతిని తన్నే కిక్‌ఆఫ్ మీద, అదే టచ్‌డౌన్ దాకా తీసుకెళ్లాడు. ఆ ఏడాది అతను పట్టినవి 16 క్యాచ్‌లే. 2013 నుంచి 2018 దాకా వరసగా ఆరు సీజన్లు వందకు తగ్గలేదు. మధ్యలో తిరుగు పరుగులు చాలావరకు కనుమరుగయ్యాయి. 2023లో కిక్‌ఆఫ్‌లలో నాలుగో వంతు కూడా ఎవరూ తిరిగి పరిగెత్తలేదు. 2024లో నియమం మార్చాక ఆ పని మళ్లీ మొదలైంది, బ్రౌన్ లాంటి పొట్టి చురుకైనవాళ్లు జట్టులో నిలబడేందుకు ఒక తలుపు తెరుచుకుంది.

ఏడో రౌండ్ చివర్లో మరో చిత్రం ఉంది. అక్కడ ఎంపిక కావడంకంటే అసలు ఎంపిక కాకపోవడమే రిసీవర్‌కు మేలు. ఎంపికైనవాడు ఆ జట్టుకే కట్టుబడాలి, మిగిలిపోయినవాడు రిసీవర్ల కొరత ఉన్న జట్టును తానే వెతుక్కోవచ్చు. వెల్కర్‌ను 2004లో ఎవరూ తీసుకోలేదు. ఆడమ్ థీలెన్‌ను 2013లో ఎవరూ తీసుకోలేదు, మినసోటా వైకింగ్స్ శిబిరానికి పరీక్షార్థిగా వెళ్లాడు. ఇంకా వెనక్కి వెళితే 1973లో డ్రాఫ్ట్ 17 రౌండ్లు సాగేది, జట్లు 26. టల్సా విశ్వవిద్యాలయంలో క్వార్టర్‌బ్యాక్‌గా మొదలై రిసీవర్‌గా మారిన డ్రూ పియర్సన్ పేరు అన్ని రౌండ్లలోనూ ఎవరి నోటా రాలేదు. డాలస్ కౌబాయ్స్‌లో చేరి, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. అప్పజెప్పాలంటే అతని జాబితా 442 పేర్లు.