న్యూట్రలైజ్ అనే క్రియాపదానికి మారతహళ్లి నుంచి ఒక ఉత్తరం

న్యూట్రలైజ్ గారూ,

ముందుగా ఒక ఇబ్బంది. నిన్ను మీరు అనాలా నువ్వు అనాలా అని రాత్రి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే ఆ రెండింటికీ మధ్య ఎటూ కాని మాట మా తెలుగులో లేదు. మన పరిచయం 2006 నాటిది కాబట్టి నువ్వు అనేస్తాను, ఏమీ అనుకోకు.

ఆ ఏడాది హిందూపురంలో రైలెక్కి బెంగళూరులో దిగి ఒక కాల్ సెంటర్‌లో చేరాను. మొదటి మూడు వారాలు ఫోను ముట్టుకోనివ్వలేదు. యాక్సెంట్ న్యూట్రలైజేషన్ అని క్లాసు. అంతవరకు న్యూట్రల్ అంటే నాకు తెలిసింది ఒకటే, దిగుడులో పెట్రోలు మిగులుతుందని మా మామ ఆటోకి వేసే గేరు. క్లాసులో తేలిందేమిటంటే మా నోళ్లకి ఎంటీఐ ఉందట, మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. అమ్మ దగ్గర సోకిన ఇన్‌ఫ్లుయెంజా అన్నమాట. బస్సు, కారు, రోడ్డు అన్నామా, చివర ఆ ఉకారం కోసేయాలి. తెలుగు అజంత భాష అని, ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుందని మా తెలుగు సారు ఎంత గర్వంగా చెప్పేవాడో, ఇక్కడ అదే రోగలక్షణం. ఎగ్ అనమంటే మేం యెగ్గు అనేవాళ్లం. వైన్ అంటే తాగేదా పాకేదా అనేది మా వకారంలో తేలేది కాదు, ఉన్నదే ఒక్క వ మరి. పాపం ఆ ట్రైనరమ్మని అనడానికేం లేదు, ఆవిడా మంగళూరు నుంచి వచ్చి నయమైన రోగే.

న్యూట్రల్ అంటే మధ్యలో కలుసుకోవడం అనుకున్నాన్నేను. ఫోనులో అవతల ఉన్న అమెరికా ఒహాయో ఆయన సగం దూరం వస్తాడు, నేను సగం వెళ్తాను అని. ఆయన ఒహాయోలోనే కూర్చున్నాడు, నడిచిందంతా నేనే. తీరా అంత దూరం నడిచి, ఉకారాలన్నీ కోసుకుని, పేరు కూడా మార్చుకుని మాట్లాడితే ఒకరోజు ఒకాయన అడిగాడు కదా, నువ్వు మనిషివేనా రికార్డింగా అని. సంక్రాంతికి ఇంటికి పోతే మా అవ్వ ఇంకో మాటంది, "ఏంరా, గొంతు పడిశం పట్టిందా?"

బడిలో నువ్వు ఇలా ఉండేదానివి కాదు. (దానివి అంటున్నానని చిన్నబుచ్చుకోకు, అమ్మ వచ్చినా గేదె వచ్చినా వచ్చింది అనే వ్యాకరణం మాది.) ల్యాబులో ఆమ్లంలోకి క్షారం బొట్టుబొట్టుగా వదిలితే ఆమ్లం తన పొగరు, క్షారం తన పొగరు వదులుకునేవి, ఉప్పూ నీళ్లూ మిగిలేవి. న్యాయమైన బేరం. కడుపులో మంటకి సోడా పొడి కలుపుకుని తాగినా అంతే, లోపల ఆమ్లం చల్లబడి కార్బన్ డయాక్సైడ్ త్రేన్పుగా బయటికొస్తుంది, జరిగిన పనికి రసీదు ఇచ్చినట్టు.

మరి యూనిఫారం వేసుకున్నాక ఏమైంది నీకు? ఇంగ్లీషు ప్రెస్ నోటులో నలుగురిని న్యూట్రలైజ్ చేశాం అని ఉంటుంది. అదే వార్తకి తెలుగు పేపరు నలుగురు హతం అని హెడ్డింగ్ పెడుతుంది. ఎవరు ఎవర్ని ఎందుకు అనే గొడవలోకి నేను పోను, కానీ చచ్చిపోయారని చెప్పడానికి తెలుగులో ఉన్న ధైర్యం నీకెందుకు లేదు? నిన్ను చదివితే నలుగురు మనుషుల్ని నీళ్లలో కలిపితే కాస్త ఉప్పు మిగిలినట్టుంటుంది.

ఇప్పుడు ఆఫీసులోనూ దాపురించావు. పోయిన నెల మీటింగులో, శనివారం పనికి డబ్బులు ఇస్తారా అని అడిగాను. మినిట్స్‌లో నా ప్రశ్న లేదు, కన్సర్న్ న్యూట్రలైజ్డ్ అని ఉంది. డబ్బులూ రాలేదు, ఆమ్లమూ నాదే క్షారమూ నాదే.

అసలు మా వైపు ఈ పనులన్నీ నీ ఒక్కదానికే అప్పజెప్పరు. విషం విరుగుతుంది, జ్వరం దిగుతుంది, దిష్టి తీస్తారు, కారం ఎక్కువైతే పెరుగు పోసి చప్పబరుస్తారు. పాము కరిస్తే ఇచ్చే మందు కోసం గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన విరుగుడు తీస్తారు, అంటే అక్కడ కూడా ఎవరో ఒకరు సూది పొడిపించుకున్నాకే. తటస్థం అని నీకో సంస్కృత బంధువు ఉంది, తటం మీద, అంటే ఒడ్డున నిలబడ్డది అని అర్థం. ఒడ్డున నిలబడ్డవాడికి కనీసం ఏరు కనపడుతుంది. నీ లాటిన్ మూలం చూస్తే రెండిట్లో ఏదీ కాదు అని, అంతే. క్రికెట్‌లో 2002 నుంచి టెస్టులకి ఇద్దరు అంపైర్లూ బయటి దేశం వాళ్లే ఉండాలన్నారు, 2020లో కరోనాకి ప్రయాణాలు ఆగిపోగానే సొంత దేశం వాళ్లనే నిలబెట్టారు. న్యూట్రల్‌గా ఉండాలన్నా విమానం టికెట్ దొరకాలి!

నువ్వు నిజంగా కావలసింది ఒక్కచోట, మా మీటరు బోర్డులో. మొన్న వానకి రాత్రి పదకొండుకి మా ఇంట్లో బల్బు పెళ్లి పందిట్లో లైటులా వెలిగింది, పక్కింట్లో దీపం బుడ్డిలా మినుకుమంది. ఫ్రిజ్ లోంచి కాలిన వాసన. ఎలక్ట్రీషియన్ వచ్చి "న్యూట్రల్ కట్ అయింది సార్" అన్నాడు. మూడు ఫేజులకీ ఉమ్మడిగా ఉండే ఆ నల్ల తీగ తెగితే 230 వోల్టులు రావలసిన ఇంట్లోకి నాలుగొందల దాకా రావచ్చట, ఇంకో ఇంటికి సగం కూడా రాదట. ఇన్నేళ్లలో నువ్వు చేసిన ఒకే ఒక్క మంచి పని గురించి నువ్వు లేనప్పుడు తెలిసింది.

ఫ్రిజ్ రిపేరుకి తొమ్మిది వేలు అడిగాడు. ఓనర్‌ని అడిగాను, కరెంటు ఆఫీసుకి వెళ్లాను, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గ్రూపులో బిల్లు ఫోటో పెట్టాను. అందరూ న్యూట్రల్‌గా ఉన్నారు.

ఇట్లు,
ఉకారం తిరిగి తెచ్చుకున్న ఒక హిందూపురం మనిషి,
మారతహళ్లి, బెంగళూరు(ఉ)