‘ఓటీపీ వచ్చిందా, చెప్పు నాన్నా’

అటు డాలస్‌లోనో సిడ్నీలోనో కొడుకు. ఇటు మల్కాజిగిరిలోనో వనస్థలిపురంలోనో రిటైరైన తండ్రి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను, మందులు, రైలు టికెట్లు అన్నీ కొడుకు అక్కణ్నుంచే చక్కబెట్టేస్తాడు. తండ్రి చేయాల్సిందల్లా తన ఫోన్‌కి వచ్చిన అంకెలు చదివి వినిపించడం. ప్రేమతో చేసే పనే, కాదనను. కానీ ఏళ్ల తరబడి ఇలా చదివించి, ఫోన్‌లో అడిగితే ఓటీపీ చెప్పేయడం మామూలేనని పెద్దవాళ్లకు అలవాటు చేసింది పిల్లలే. రేపు బ్యాంకు పేరు చెప్పి ఇంకెవడో మర్యాదగా అడిగితే అదే అలవాటు పనిచేస్తుంది. ‘ఎవరికీ చెప్పకండి’ అనే హెచ్చరిక ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. చాలావరకు ఇంగ్లిష్‌లో!

దూరం నుంచి సాయం చేయడానికని తల్లిదండ్రుల ఫోన్లలో స్క్రీన్ షేరింగ్ యాప్‌లు వేసిపెట్టే పిల్లలూ ఉన్నారు. మోసగాళ్లు వేయించేదీ అలాంటి యాప్‌లనే.

‘ఈ వయసులో వాళ్లకు బుర్రకెక్కదండీ’ అనే సమర్థన ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. హైదరాబాద్‌లో మాత్రం ఆ మాట చెల్లదు. 1967లో ఇక్కడ మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ డెబ్బైల్లోనే టీడీసీ వరస కంప్యూటర్లు తయారుచేసింది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 నాటికి ఆ తరం వాళ్లలో చాలామంది రిటైర్‌మెంట్ దగ్గర్లో ఉన్నారు. కుషాయిగూడ, ఏఎస్ రావు నగర్ వైపు అలాంటివాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. సర్క్యూట్ బోర్డుల మధ్య ఉద్యోగం చేసి వచ్చిన మనిషిని కూడా ఫోన్‌లో ఒక మెనూ కోసం వెతుక్కుంటుంటే ‘ఇలా ఇవ్వు, నేను చేస్తా’ అని లాగేసుకుంటారు మనవలు. అరనిమిషంలో పని అయిపోతుంది. ఏం నొక్కారో మాత్రం ఆయన చూడలేదు. మళ్లీ నెల అదే తంతు.

అసలు ఈ పని ఇంటిమీదికి ఎలా వచ్చిందో కూడా చూడాలి. 2001లో ఈసేవ కేంద్రాలు వచ్చినప్పుడు కరెంటు, నీళ్లు, ఇంటి పన్ను అన్నీ ఒకే కౌంటర్‌లో కట్టేవాళ్లం. కంప్యూటర్ గుమాస్తా ముందు ఉండేది, డబ్బు మన చేతిలో ఉండేది. వృద్ధులకు ఆ రోజుల్లో ఈ డిజిటల్ అంతరం పెద్దగా తగల్లేదంటే కారణం అదే. 2011లో మీసేవ వచ్చింది, ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, గుమాస్తా చేసే పని మెల్లమెల్లగా మన వేళ్ల మీదికి జారింది. దానికి మనకు జీతమూ లేదు, శిక్షణా లేదు. తిరుమలలో 65 ఏళ్లు దాటినవారి కోసం పెట్టిన దర్శన కోటా కూడా నెలల ముందు ఆన్‌లైన్‌లోనే పట్టుకోవాలి. అంటే, పెద్దల కోటా పిల్లలున్న పెద్దలకన్నమాట.

కేంద్ర పెన్షనర్లకు నవంబరు వస్తే, బతికే ఉన్నామని చూపించే లైఫ్ సర్టిఫికెట్. 2014లో వేలిముద్రతో దాని డిజిటల్ రూపం జీవన్ ప్రమాణ్ మొదలైంది, 2021 నుంచి ఫోన్ కెమెరాకు ముఖం చూపించినా సరిపోతుంది. కాకపోతే యాప్ చెప్పినప్పుడు కళ్లు ఆర్పాలి. కేవైసీలో, అంటే బ్యాంకుల్లాంటి చోట్ల గుర్తింపు సరిచూసేటప్పుడు, ఇలా కళ్లు ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసుల్లోనే డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. తపాలా శాఖ ఇంకో దారి పట్టింది. 70 రూపాయలు తీసుకుని పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి ఆ సర్టిఫికెట్ చేసిపెడతాడు. నా దృష్టిలో వీటిల్లో అన్నిటికంటే తెలివైన ఏర్పాటు అదే.

ఇక ఇంట్లో ఆడవాళ్ల సంగతి. బ్యాంకుకు ఇచ్చిన నంబరు భర్తది, పిన్ తెలిసింది ఆయనకే. ఆయన పోయాక, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, నామినీ క్లెయిమ్, గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు అన్నీ ఒక్కసారిగా ఆ అరవై ఐదేళ్లావిడ నెత్తిన పడతాయి. పదో రోజు కాకుండానే అల్లుడు ఆ ఫోన్ తన దగ్గర పెట్టుకుంటాడు. అంతరం గురించి మాట్లాడేటప్పుడు తరాల లెక్కే వేస్తున్నాం గానీ, భార్యాభర్తల మధ్య ఉన్నది అంతకంటే పాతది.

మోసం జరిగాక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. పెద్దవాళ్లను ఆపేది మాత్రం కొడుకు తిడతాడన్న భయం. ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో గంటల తరబడి వీడియో కాల్‌లో కూర్చోబెట్టేవాళ్లు ‘ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు’ అనే షరతు మొదటే పెడతారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. కానీ ఇంట్లో పాత చీవాట్లు గుర్తున్న మనిషికి ఆ షరతు ఒప్పుకోవడం తేలికైపోతుంది.

నేర్పాలంటే చిన్న డబ్బుతో మొదలుపెట్టాలి. కొద్ది మొత్తమే ఉండే వేరే ఖాతాను యూపీఐకి కలపాలి. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదన్న ఒక్క సంగతి నాలుగుసార్లు చేయించి చూపాలి. హైదరాబాద్ మెట్రో టికెట్ 2022 నుంచి వాట్సాప్‌లోనే దొరుకుతోంది. మొదటి పాఠానికి అదే మేలు, తప్పు నొక్కినా పోయేది ఒక టికెట్ డబ్బే. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి, మన చేతులు వెనక్కి కట్టుకోవాలి. మెట్లన్నీ వాళ్ల మాటల్లో, వాళ్ల చేత్తోనే నోట్‌బుక్‌లో రాయించాలి.

పిల్లలు దగ్గర లేనివాళ్లకు? అమీర్‌పేటలో జావా నేర్చుకోవడానికి సందుకో సెంటర్ ఉంది, డెబ్బై ఏళ్లాయనకు ఫోన్ నేర్పే బోర్డు నా కంటబడలేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షల కుర్రాళ్లూ ఉంటారు, పేపర్లు చదవడానికొచ్చే పెద్దవాళ్లూ ఉంటారు, పక్కపక్క గదుల్లోనే. మధ్యలో ఒక బల్ల, వారానికి రెండు గంటలు, ఆ కుర్రాళ్లకు చిన్న గౌరవ వేతనం. గ్రంథాలయ సంస్థ తల్చుకుంటే వచ్చే నెలలోనే మొదలుపెట్టొచ్చు.