రెండు నిమిషాలు కదలకుండా

నిన్న మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో నేను ఆత్మవిశ్వాసం మీద ఐదు నిమిషాలు మాట్లాడాను. ఇవాళ పొద్దున పాలపాకెట్ కోసం కిందికి దిగడానికి మొహం చెల్లలేదు. పాలపొడితో కాఫీ తాగాం.

మాది బెంగళూరులో మారతహళ్లి దాటాక వచ్చే బోలెడు అపార్ట్‌మెంట్లలో ఒకటి. తెలుగువాళ్లం నలభై కుటుంబాల దాకా ఉంటాం. ఆగస్టు 29 గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు ఎవరికీ కుదరదు కాబట్టి తర్వాతి ఆదివారం చేసుకుంటాం. వాడుక భాష కోసం పోరాడిన మనిషి పండగకి వాట్సాప్‌లో వచ్చిన ఆహ్వానం "ఎల్లరును సకుటుంబ సపరివార సమేతముగా" అని మొదలైంది. అది రాసింది సెక్రటరీగారు.

ఆయన అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీ, మా తెలుగు బృందానికి పెద్దదిక్కు, మేం అద్దెకుంటున్న ఫ్లాటుకి ఓనరు. ఏ హోదాలో మాట్లాడుతున్నారో గొంతుని బట్టి చెప్పలేం. గురువారం సాయంత్రం ఫోన్ చేసి, "బాబూ, మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు, రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి. అడ్వాన్సులో పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటాను, తెలిసిందేగా. ఆఁ, అన్నట్టు, ఆదివారం నువ్వు ఆత్మవిశ్వాసం మీద నాలుగు ముక్కలు మాట్లాడాలి. నువ్వెప్పుడూ పాజిటివ్‌గా ఉంటావు" అన్నారు. మధ్యలో ఊపిరి తీసుకోలేదు. శుక్రవారం ఆఫీసులో రేటింగ్ ఇచ్చారు. దాని గురించి మాట్లాడను. శనివారం బ్రోకరు చూపించిన ఇంట్లో వంటింటి కిటికీ తీసి చెయ్యి చాపితే పక్కింటివాళ్ల పోపులడబ్బా అందుతుంది. నాలుగో ముక్కకి ఏం మాట్లాడాలో అర్థం కాక, ఆ రాత్రి పన్నెండింటి దాకా ఫోన్‌లో వెతికాను.

దొరికిన ఉపాయం ఇది. 2010లో డానా కార్నీ, ఏమీ కడ్డీ, యాండీ యాప్ అని ముగ్గురు ఒక పరిశోధన అచ్చువేశారు. ఒళ్లు విశాలంగా విప్పుకుని రెండు నిమిషాలు కదలకుండా ఉంటే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గుతుంది, ధైర్యం వస్తుంది అని. 2012లో కడ్డీ దాని మీద ఇచ్చిన ప్రసంగంతో ఈ సంగతి లోకమంతా పాకింది. కాళ్లు ఎడంగా పెట్టి, నడుం మీద చేతులు వేసి, ఛాతీ విరుచుకుని నిలబడాలి. మనకేం కొత్త? పద్యనాటకంలో తెర లేవగానే దుర్యోధనుడు నిలబడేది అలాగే. దానివల్ల ఆయన ఆత్మవిశ్వాసం ఎంత పెరిగిందో తెలుసు, చివరికి తొడ ఏమైందో కూడా తెలుసు. నేను అక్కడే ఆగి ఆలోచించాల్సింది.

తర్వాత ఇంకొందరు 2015లో 200 మందితో చేసి చూస్తే హార్మోన్లలో తేడా ఏమీ కనబడలేదట. 2016లో కార్నీగారే ఆ ఫలితాల మీద తనకి నమ్మకం లేదని బాహాటంగా చెప్పేశారు. ఈ రెండో సగం నేను ఇవాళ పొద్దున చదివాను, పాలపొడి కాఫీ తాగుతూ.

దానికి తోడు ఇంకో చిట్కా. 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన అలిసన్ వుడ్ బ్రూక్స్ తేల్చిందేమిటంటే, మాట్లాడేముందు కంగారుగా ఉన్నప్పుడు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని సర్దిచెప్పుకున్నవాళ్ల కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అనుకున్నవాళ్లు బాగా మాట్లాడారట. గుండె దడ కంగారుకీ ఉత్సాహానికీ ఒకటే, పేరు మార్చుకుంటే చాలని. ఇందులో నిజంగానే న్యాయం ఉంది. ఆ "పైకి" అన్న మాటే నా కొంప ముంచింది.

ప్రోగ్రామ్ ఆరింటికి. ప్రార్థన, పిల్లల వేమన పద్యాలు, తర్వాత నేను. నాలుక పిడచకట్టుకుపోతోంది. ఒకటో పద్యం మొదలవగానే లేచి క్లబ్‌హౌస్ బాత్రూంలోకి వెళ్లాను. పంచె, లాల్చీ, మెళ్లో కండువా. తలుపు గడియ పెట్టలేదు, ఎందుకంటే అక్కడ గడియ లేదు. అది పోయి ఏడాదైంది.

ఆ బాత్రూం గురించి కొంచెం చెప్పాలి. ఆర్నెల్ల క్రితం సెక్రటరీగారు కరెంటు బిల్లు తగ్గించాలని స్విచ్చులు పీకించి సెన్సర్ లైట్లు పెట్టించారు. టైమర్ ఐదు నిమిషాలకి పెట్టుకోవచ్చు, పది నిమిషాలకి పెట్టుకోవచ్చు. ఆయన ఒక నిమిషానికి పెట్టించారు. ఎనభై దాటిన తండ్రి ఇంట్లో ఉన్న మనిషి చెయ్యాల్సిన పనేనా? పైగా ఈ సెన్సర్ మనలా చూడదు. ఒంటి వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగితేనే పసిగడుతుంది. కదలకుండా ఉంటే దాని లెక్కలో అక్కడ మనిషి లేడు. అంటే, నేనూ ఒక మనిషినే అని నన్ను నేను నమ్మించుకోవడానికి నేను కదలకుండా నిలబడితే, కదలడం లేదు కాబట్టి నేను లేనని అది తీర్మానించేసింది.

సరిగ్గా ఒక నిమిషానికి లైటు ఆరిపోయింది. కిటికీ లేదు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

చెయ్యి ఊపితే వెలుగుతుంది. ఊపితే భంగిమ చెడి మళ్లీ మొదటి నుంచి రెండు నిమిషాలు నిలబడాలి. బయట పిల్లలు ఉప్పుకప్పురంబు దాటేశారు. సగం దూరం వచ్చాం కదా, మిగతా నిమిషం చీకట్లోనే కానిద్దాం అనుకున్నాను. గ్రీకు వక్త డెమోస్తనీస్ సాధన కోసం నేలమాళిగ కట్టించుకుని, సిగ్గుతో బయటికి రాకుండా ఉండాలని సగం తల గొరిగించుకునేవాడట. ఆయనతో పోలిస్తే నాది పెద్ద కష్టం కాదు. కాకపోతే ఆయన నేలమాళిగని మెయింటెనెన్స్ కమిటీ చూసుకునేది కాదు.

"నాకు ఉత్సాహంగా ఉంది" అన్నాను మెల్లగా. నాకే నమ్మకం కుదరలేదు. "నాకు చాలా ఉత్సాహంగా ఉంది" అన్నాను ఇంకాస్త గట్టిగా. పెయింటింగ్ డబ్బులు గుర్తొచ్చాయి. చీకట్లో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడితే తెలియకుండానే ఒళ్లు వెనక్కి వాలుతుంది. నేనూ అలాగే వాలాను, లైటు పసిగట్టనంత మెల్లగా.

వెనక గోడకి చేతులు ఆరబెట్టుకునే మిషన్ ఉంది. దానికీ సెన్సరే. లైటుకి కనబడని మనిషి దానికి మాత్రం వెంటనే కనబడ్డాడు. నడుం దగ్గర భుర్రుమని వేడిగాలి కొట్టింది. పంచె పూరీలా పొంగింది. నేను రెండు చేతులూ పైకెత్తి, నోట్లో ఉన్న మూడో "నాకు చాలా ఉత్సాహంగా ఉంది"ని ఆపుకోలేక పెద్దగా అరిచాను. చేతులు కదిలాయి కాబట్టి లైటు వెలిగింది. అదే క్షణంలో తలుపు తెరుచుకుంది.

సెక్రటరీగారి నాన్నగారు.

ఆయన వైపు నుంచి ఆలోచించాను. నిన్న రాత్రంతా అదే ఆలోచించాను. పెద్దాయన అవసరం కొద్దీ వచ్చారు. తలుపు తీసేసరికి చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగు, హోరుమని గాలి, మధ్యలో చేతులు రెండూ ఆకాశానికెత్తి పంచె ఎగరేసుకుంటూ తనకి ఉత్సాహంగా ఉందని కేకలు పెడుతున్న నలభై రెండేళ్ల మనిషి. అదీ వాళ్లింట్లో అద్దెకుండేవాడు. ఆయన అరిచినా బాగుండేది. "నారాయణ, నారాయణ" అని తలుపు చాలా మెల్లగా, మర్యాదగా దగ్గరికి వేసేశారు.

నేను బయటికొచ్చేసరికి హాల్లో వార్త నా కంటే ముందే చేరింది. "లోపల ఎవరికో పూనకం వచ్చిందిరా" అని ఆయన కొడుకుతో చెప్పారట, చెవుడు కాబట్టి హాలంతా వినబడేలా. సెక్యూరిటీ అతను టార్చి పట్టుకుని "ఏనాయ్తు సార్?" అంటూ పరిగెత్తుకొచ్చాడు. వెనకాల ఒక పిన్నిగారు నిమ్మకాయ పట్టుకుని నిలబడ్డారు. నిమ్మకాయ ఎక్కడ దొరికిందో అర్థం కాలేదు. పులిహోర కౌంటర్ నుంచి అయ్యుంటుంది.

సెక్రటరీగారు మైకు అందుకుని, "మన తర్వాతి వక్త ఇప్పటికే లోపల చాలా ఉత్సాహంగా ఉన్నారని విశ్వసనీయ సమాచారం" అన్నారు. అంత చక్కటి వాడుక భాష ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

మాట్లాడేవాడి కంగారు అతను అనుకున్నంతగా ఎదుటివాళ్లకి కనబడదని 2003లో శావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు నిరూపించారు. ఆ సంగతి ముందే చెబితే వక్తలు ఇంకా బాగా మాట్లాడారట. నాకు ముందే తెలుసు. కానీ వాళ్ల పరిశోధనలో వక్తని ముందు బాత్రూంలో చూసొచ్చి మొదటి వరసలో కూర్చున్న తాతగారు ఉండి ఉండరు. ఐదు నిమిషాలూ ఆయన నా చేతుల వంకే చూశారు. అవి నడుం మీదికి వెళ్తాయేమోనని నేనూ చూసుకున్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. చప్పట్లు మాత్రం కొట్టారు.

"మాట్లాడడం బాగానే మాట్లాడారు గానీ, ఆ కండువా ఎక్కడ పడేశారండీ?" అంది మా ఆవిడ ఇంటికొచ్చాక. బాత్రూంలోనే ఉండిపోయింది. తేవడానికి వెళ్లను.

రాత్రే అపార్ట్‌మెంట్ యాప్‌లో కంప్లైంట్ పెట్టాను. లైటు నిమిషానికే ఆరిపోతోంది, గడియ లేదు, పెద్దవాళ్లు పడిపోతే బాధ్యత ఎవరిది అని, కొంచెం ఘాటుగానే. పొద్దున తొమ్మిదింటికల్లా మూసేశారు. కారణం: "పరికరము సక్రమముగా పనిచేయుచున్నది. వినియోగదారుడు లోపల కదులుచుండవలెను." మళ్లీ తెరవమని నొక్కితే, అద్దెకున్నవాళ్లయితే ఓనర్ అనుమతి కావాలంటోంది. ఇందాకే ఓనర్‌కి రిక్వెస్ట్ వెళ్లింది.