భయపడకపోతే కరవదా?

గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ మళ్లీ తిరుగుతోంది. వెంట ఒక వీడియో కూడా ఉంటుంది. అందులో ఒక కుర్రాడు కోతికి చేత్తో అరటిపండు అందిస్తాడు, ఒకాయన నాగుపామును మెడలో వేసుకుని నవ్వుతాడు, మడ అడవి కాలువ ఒడ్డున ఒక పడవ మనిషి నీటికుక్క (ఆటర్) పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. కింద రాసిన మాటల సారాంశం ఇది: జంతువు మన మనసును చదువుతుంది, భయపడకుండా ప్రేమతో దగ్గరికి వెళితే ఏమీ చేయదు. మన కోనసీమలో పులులా ఏనుగులా, భయపడడానికి ఏముంది? చేత్తో తిండి పెడితే ఆ విశ్వాసం ఎన్నటికీ పోదు. తల్లి లేని పిల్ల దొరికితే ఇంటికి తెచ్చి పెంచడం పుణ్యం. పాము కరిచినా మంత్రం తెలిసినవాళ్లు దగ్గరుంటే గండం గడిచినట్టే. చివర్లో ‘పదిమందికీ పంపండి’ అని ఉంది. పంపారు.

రాసినవారిది చెడ్డ ఉద్దేశమని అనను. మూగజీవాలను చంపవద్దన్నంత వరకు నేనూ వారి పక్షమే. చిక్కల్లా ఆ ప్రేమను దగ్గరితనంతో కొలవడంలో ఉంది. అడవి జంతువు కొలుచుకునేది మనకూ తనకూ మధ్య ఉన్న దూరాన్ని. ఆ దూరం తగ్గేకొద్దీ మొదట కదలకుండా చూస్తుంది, తరువాత పారిపోతుంది, దారి లేకపోతే తిరగబడుతుంది. మన గుండెలో ఏముందో దానికి అక్కర్లేదు.

‘భయపడకపోతే ఏమీ చేయదు’ అన్న మొదటి మాటకు రక్తపింజరి ఒక్కటే జవాబు. వరి కోతల వేళ పనల కింద, గడ్డివామి అడుగున, కొబ్బరి డొక్కల కుప్పలో చుట్ట చుట్టుకుని ఉండే పాము ఇది. ఎలుకలున్న చోటల్లా ఉంటుంది. అలికిడికి చాలా పాములు జారుకుంటాయి గానీ ఇది తరచుగా ఉన్నచోటే ఉండిపోతుంది, ఒంటి మచ్చలు ఎండుగడ్డిలో కలిసిపోతాయి. మరీ దగ్గరికి వెళితే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. పాము సాధారణంగా తన పొడవులో మూడో వంతు నుంచి సగం దూరం దాకా కాటు వేయగలదు. అంటే మీటరు పాముకు అర మీటరు దాకా. వంగి ఫోటో తీసే చెయ్యి సరిగ్గా అక్కడే ఉంటుంది. ధైర్యంగా నిలబడినవాడికీ భయపడి వెనక్కి తగ్గినవాడికీ ఉన్న తేడా ఆ అర మీటరే, అందులో లాభపడినవాడు భయస్తుడే.

మరి మెడలో పాము వేసుకున్నాయన సంగతి? పాములాడించే వాళ్లు కోరలు పీకడం, నోరు కుట్టడం పాత పద్ధతే. పీకిన కోర వెనుక మరో కోర సిద్ధంగా ఉంటుంది, కొద్ది వారాల్లో ముందుకు వస్తుంది. వచ్చిన రోజున ఎవరూ చాటింపు వేయరు. వీడియోలన్నీ ఏమీ జరగని రోజున తీసినవే, జరిగిన రోజున ఫోను చేతిలో నిలవదు.

కోతి విషయంలో మనం చేసే పొరపాటు ఇంకా విచిత్రం. పెదవులు వెనక్కి లాగి పళ్లు బయటపెట్టిన కోతిని చూసి ‘నవ్వుతోంది’ అంటాం. అది బెదిరిపోయింది. నోరు గుండ్రంగా తెరిచి, కనుబొమలు పైకెత్తి, రెప్పవాల్చకుండా చూస్తుంటే ఇక ఒక్క అడుగు కూడా ముందుకు వేయవద్దన్నట్టు. మనమేమో ప్రేమ తెలియాలని దాని కళ్లలోకి సూటిగా చూస్తాం. దాని లెక్కలో ఆ చూపు కయ్యానికి పిలుపు. జంతువు మన మనసు చదువుతుందన్నవారు ముందు దాని ముఖం చదవడం నేర్చుకుంటే బాగుండేది.

‘కోనసీమలో ఏముంది భయపడడానికి’ అన్నది ఈ సందేశంలోకెల్లా ప్రమాదకరమైన మాట, ఎందుకంటే వినగానే నిజమనిపిస్తుంది. పులులు లేవన్నది చాలావరకు నిజమే. చిరుత మాత్రం 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులో కనిపించి, తరువాత డెల్టా మొదట్లో ఉన్న కడియం నర్సరీల దాకా వచ్చింది. పూలమొక్కల మధ్య చిరుత అంటే చూడబుద్ధి కానిది ఎవరికి! అలాంటప్పుడు ఫోన్లు పట్టుకుని గుమిగూడే జనం దాని దారి మూసేస్తారు. ఊళ్లోకి వచ్చిన చిరుతకు కావలసింది తిరిగి వెళ్లే దారి.

కానీ మన దగ్గర ప్రాణాలు తీసేవి చిరుతలు కావు. దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోతున్నారని 2000 నుంచి 2019 వరకు మరణాలను లెక్కగట్టిన అధ్యయనం అంచనా వేసింది. ఆ భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మన చేలలోనూ పెరట్లోనూ తిరిగేవే. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాలిపోయే కనురెప్పలు, తడబడే మాట. ఆ తరువాత ఊపిరి అందదు. వరద రోజుల్లో ఈ ముప్పు పెరుగుతుంది. 2022 జులై మాదిరిగా లంకలు మునిగినప్పుడు మెరక వెతుక్కునేది మనుషులు మాత్రమే కాదు, పాములూ మన గట్టు మీదికే, మన అటక మీదికే చేరతాయి.

తీరం వెంట మరొకటి ఉంది, దాన్ని పట్టించుకునేవారు తక్కువ. భైరవపాలెం, అంతర్వేది వైపు వలల్లో చేపలతోపాటు సముద్రపు పాములు పడుతుంటాయి. తెడ్డులా చదునైన తోకను బట్టి వాటిని గుర్తుపట్టవచ్చు. చాలామంది ఆ తోక పట్టుకుని చేత్తోనే విసిరేస్తారు, అది కూడా చాలాసార్లు ఊరుకుంటుంది. కరిస్తే మాత్రం మొదట చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు. కొన్ని గంటల తరువాత ఒళ్లంతా కండరాల నొప్పులు మొదలవుతాయి, మూత్రం నల్లబారుతుంది. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు పాముల విషానికి తయారుచేసింది. సముద్రపు పాము ఆ నాలుగింటిలో లేదు. ఒడ్డున ఇసుకలో పడి ఉన్నదాన్ని పిల్లలు కర్రతో ఎత్తి ఆడుకోవడం చూసి నవ్వుకునే పెద్దలు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

తిండి పెడితే విశ్వాసం పెరుగుతుందట. పెరిగేది అలవాటు. గోదావరికి ఉత్తరాన రీసస్ కోతులు, దక్షిణాన నడినెత్తిన జుట్టు గుండ్రంగా పరుచుకున్న బొన్నెట్ కోతులు అన్నది పాత హద్దు, ఇప్పుడు రీసస్ కోతులు ఆ హద్దు దాటి దిగువకు వస్తున్నాయి. రెండింటి తీరూ ఒకటే. మనిషి చేతిలో సంచి ఉంటే అందులో పండు ఉంటుందని ఒకసారి నేర్చుకున్న కోతి, పండు లేని సంచిని కూడా లాగుతుంది. మొదట పెట్టినవాడు పుణ్యం మూటగట్టుకుని కారెక్కి వెళ్లిపోతాడు. గాటు పడేది మరునాడు ఆ దారిన వెళ్లే బడిపిల్లకు. గాటు చిన్నదే కావచ్చు, రేబిస్ చిన్నది కాదు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టినవారు దాదాపు లేరు. కుక్కకే కాదు, నక్కకు, ముంగిసకు, కోతికి కూడా అది రావచ్చు. అందుకే అడవి జంతువు కాటును మన వైద్య మార్గదర్శకాలు అన్నిటికన్నా తీవ్రమైన మూడో తరగతిలో చేర్చాయి. సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి, టీకాతోపాటు, రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు కూడా గాయంలో వేయించుకోవాలి. పసుపో సున్నమో అద్ది ఊరుకుంటే చాలదు.

ఇక తల్లి లేని పిల్లలు. తల్లి లేదని ఎలా తెలిసింది? చేపలు పట్టి తినే బావురు పిల్లి, నక్క, నీటికుక్క ఆహారం కోసం గంటల తరబడి పిల్లలను విడిచి వెళతాయి. 1978లో అభయారణ్యమైన కోరింగ మడ అడవి అంచున, రొయ్యల చెరువుల గట్ల వెంట, ఒంటరిగా కనిపించిన పిల్ల చాలాసార్లు తల్లి దాచి వెళ్లిందే. బావురు పిల్లి కూనకు మచ్చలుంటాయి కాబట్టి ‘చిరుత పిల్ల దొరికింది’ అని చంకనెత్తుకుని ఫోటోలకు నిలబడతారు. పొదలోంచి తల్లి చూస్తూ ఉంటే ఆ ఫోటో ఖరీదు అప్పుడే తెలుస్తుంది. ఎదిగిన మగ బావురు పిల్లి పది కిలోలు దాటుతుంది, మన ఇంటి పిల్లిలా గోకి వదలదు. ఇంట్లో పెంచుదామంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అలా పెరిగిన కూనకు వేట రాదు, మనిషంటే జంకు ఉండదు, తిరిగి అడవిలో బతకలేదు. పుణ్యం ఎవరికి దక్కినట్టు?

మంత్రం సంగతి క్లుప్తంగా. మన చుట్టూ ఉన్న పాముల్లో చాలావరకు విషం లేనివే. విషపాము కూడా కొన్నిసార్లు విషం దించకుండానే కరుస్తుంది. ఈ రెండు రకాల కాట్లూ తగిలినవారు ఏ మంత్రమూ లేకున్నా బతుకుతారు, పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. మిగిలినవారి విషయంలో మంత్రగాడి గుమ్మం దగ్గర పోయిన గంట మళ్లీ రాదు. గాటు కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం మేలు చేయవు, కీడు చేస్తాయి. కరిచిన కాలినో చేతినో కదలకుండా ఉంచి, ఉంగరాలు, పట్టీలు తీసేసి, 108కి ఫోను చేసి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఎన్ని గంటలకు కరిచిందో డాక్టరుకు చెప్పాలి. పామును వెతికి చంపి సంచిలో తీసుకువెళ్లే అలవాటు మానాలి. వైద్యం లక్షణాలను బట్టి జరుగుతుంది, పాము లేకపోయినా ఆగదు. పైగా తెగిన పాము తల కూడా కొంతసేపటి దాకా కరవగలదు, అప్పుడు అదే ఆటోలో ఆసుపత్రికి చేరేది ఇద్దరు.