"మీలాంటి వాళ్ళు" అంటే ఎవరండీ?

పొద్దున జరిగింది. ఇంకా కోపం తగ్గలేదు.

ఒక స్కూల్లో పిల్లలకు పెద్ద చదువుల గురించి చెబుతామంటే వెళ్ళాను. చివరి బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఊరి నుంచి రెండు బస్సులు మారి వస్తుందట. "సార్, డాక్టర్ కావాలంటే ఇప్పటినుంచే ఏం చదవాలి?" అని అడిగింది. అవ్వగలనా అని కాదు, ఏం చదవాలి అని! రాసుకోవడానికి పెన్ను క్యాప్ కూడా తీసి పెట్టుకుంది.

స్టేజీ మీదున్న పెద్దమనిషి నవ్వి, "అది చాలా కష్టమమ్మా, ఖర్చు కూడా. మీలాంటి వాళ్ళు ఏదో చిన్న కోర్సు చేస్తే తొందరగా సెటిల్ అవ్వొచ్చు" అన్నాడు. ఆ పిల్ల క్యాప్ పెట్టేసి కూర్చుంది. అంతకు పది నిమిషాల ముందే, ఒక డాక్టరుగారి అబ్బాయి ఇదే ప్రశ్న అడిగితే, ఏ పుస్తకాలు చదవాలో పేర్లతో సహా చెప్పింది కూడా ఈయనే. అప్పుడు కష్టం గుర్తు రాలేదు, ఖర్చు గుర్తు రాలేదు.

చిన్న కోర్సులను తక్కువ చేయడం లేదు. ల్యాబ్‌లో పనిచేసే వాళ్ళు లేకపోతే ఏ ఆసుపత్రీ ఒక్క రోజు నడవదు. కానీ అడిగినదానికి జవాబు చెప్పాలి కదా.

పైగా "పల్లెలకు డాక్టర్లు వెళ్ళరు" అని ఊరికే బాధపడేదీ వీళ్ళే. ప్రపంచ జనాభాలో సగం మంది పల్లెల్లో ఉంటే, డాక్టర్లలో నాలుగో వంతు కూడా అక్కడ లేరని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. పల్లెలో పుట్టి పెరిగిన పిల్లలకు మెడికల్ సీట్లు ఇవ్వండి, చదువయ్యాక పల్లెల్లో పనిచేసేది ఎక్కువగా వాళ్ళే అని కూడా చెప్పింది. జపాన్ వాళ్ళు 1972లోనే జిచి మెడికల్ యూనివర్సిటీ పెట్టారు. దేశంలోని 47 ప్రాంతాల నుంచీ పిల్లల్ని తీసుకుంటారు. చదువయ్యాక సొంత ప్రాంతంలో మామూలుగా తొమ్మిదేళ్ళు పనిచేస్తే ఫీజు అప్పు మొత్తం మాఫీ. ఖర్చు అడ్డమైతే తీసే దారి ఉందన్నమాట.

వెంటనే "మెరిట్" అంటారు. అదే జపాన్‌లో టోక్యో మెడికల్ యూనివర్సిటీ ఏళ్ళ తరబడి అమ్మాయిల ఎంట్రన్స్ మార్కులు కావాలనే తగ్గించిందని 2018లో బయటపడింది. పిల్లలు పుడితే ఉద్యోగం మానేస్తారట, అదీ కారణం! బాగా రాసిన అమ్మాయిల్నే అలా వెనక్కి నెట్టారు. ఇంక మెరిట్ గురించి నాకు చెప్పకండి.

నిజం చెప్పాలంటే ఈ కోపం ఈరోజుది కాదు. మా అక్కకూ ఇదే మాట చెప్పారు. గుండె బొమ్మ వేస్తే నాలుగు గదులూ, రక్తం వచ్చే దారీ పోయే దారీ ఎరుపు, నీలం పెన్సిళ్ళతో అచ్చు పుస్తకంలో ఉన్నట్టే వేసేది. "ఎందుకమ్మా అంత ఆశ" అన్నారొక టీచర్. అక్క ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఈరోజుకీ చుట్టుపక్కల వాళ్ళు మందుల షీట్లు తెచ్చి ఆమె ముందు పోస్తారు. ఏది పొద్దున, ఏది రాత్రి అని అడుగుతారు. ఆమె ఒక్కో షీటూ వెలుతురులో పెట్టి ఎక్స్‌పైరీ తేదీ చూసి, తేదీ దాటినవి పక్కన పడేసి, మిగతావి విడివిడిగా పొట్లాలు కట్టి ఇస్తుంది. ఆ చేతుల్ని చూసినప్పుడల్లా ఆ టీచర్ మాటే గుర్తొస్తుంది. క్షమించలేను.

మీటింగ్ అయ్యాక ఆ అమ్మాయిని బస్సు దగ్గర పట్టుకున్నాను. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఇప్పటినుంచే గట్టిగా చదువు, ఎంట్రన్స్ పాత ప్రశ్నపత్రాలు నేను తెచ్చిస్తానని చెప్పాను. అంతకు మించి చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. మీలో పల్లె నుంచి వెళ్ళి మెడిసిన్ చదివిన వాళ్ళు ఉంటే ఇక్కడ రాయండి, ప్రింట్ తీసి ఆమె చేతికిస్తాను. ప్రశ్న మళ్ళీ రాస్తున్నా: డాక్టర్ కావాలంటే ఇప్పటినుంచే ఏం చదవాలి?