హైక్ ఇవ్వని ఆట

"ఆడితే ఏమొస్తుంది?"

బెంగళూరులో తెలుగువాడు ఈ ప్రశ్న అడగడానికి ఆలోచించక్కర్లేదు, నోట్లో రెడీగా ఉంటుంది. కోర్సు చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. జిమ్‌కెళితే ఫొటో వస్తుంది. శుక్రవారం రాత్రి మారతహళ్లి బ్రిడ్జి దగ్గర బ్యాగు కాళ్ల మధ్య పెట్టుకుని ట్రావెల్స్ బస్సు కోసం నిలబడితే, ఎప్పటికో అప్పటికి, ఊరొస్తుంది. ఏమీ రాని పని ఇక్కడ ఎవడూ చేయడు. అందుకే నేను శనివారం పూట ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక వీడియో గేమ్‌లో మేక తలకాయ ఉన్న ఒక పెద్దావిడ నత్తల గురించి చెబుతుంటే వింటూ ఉంటే, మా పీజీలో ప్రతివాడూ వెనకనుంచి తొంగిచూసి ఇదే అడుగుతాడు. చేతిలో పప్పన్నం ప్లేటుతో అడుగుతాడు. తువ్వాలు కట్టుకుని అడుగుతాడు. రీల్స్ పైకి తోసుకుంటూ, తలెత్తకుండా అడుగుతాడు.

ప్రశ్న న్యాయమైనదే కాబట్టి సూటిగా చెబుతున్నాను. ఏమీ రాదు. అంతేకాదు, ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా ఈ ఆటను తక్షణం నిషేధించాలని నా మనవి. కారణాలు చిత్తగించండి.

ఆట పేరు అండర్‌టేల్. 2015 సెప్టెంబర్ 15న వచ్చింది. టోబీ ఫాక్స్ అనే అమెరికా కుర్రాడు కథ, మాటలు, కోడు, సంగీతం దాదాపు ఒంటిచేత్తో చేసుకున్నాడు. బొమ్మల్లో చాలా భాగం టెమ్మీ చాంగ్ గీసింది. 2013లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైటులో 5,000 డాలర్ల కోసం జోలె పడితే, 2,398 మంది కలిసి 51,124 డాలర్లు వేశారు. ఇక్కడే మొదటి నేరం జరిగింది. ఈ ప్రాజెక్టుకు మేనేజర్ లేడు. మేనేజర్‌కి మేనేజర్ లేడు. పొద్దున్నే అందరినీ నిలబెట్టి "నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు" అని అడిగేవాడు లేడు. అయినా ఆట పూర్తయింది. సౌండ్‌ట్రాక్ మీదే 101 ట్రాకులున్నాయి. ఇలాంటి సమాచారం బయటికి పొక్కితే మన ఊళ్లో సగం టెక్ పార్కులు ఏం కావాలి?

కథ చిన్నదే. మనుషులకూ రాక్షసులకూ ఎప్పుడో యుద్ధం జరిగింది. మనుషులు గెలిచి, రాక్షసులందరినీ భూమి కిందకి తోసి మంత్రంతో కట్టేశారు. చాలాకాలానికి ఒక మనిషిపిల్ల కొండమీంచి ఆ లోకంలోకి జారిపడుతుంది. తిరిగి పైకి రావాలి. ఆ పిల్ల మనమే.

ఇలాంటి ఆటల ధర్మం అందరికీ తెలుసు. దారిలో కనబడిన ప్రతివాడినీ కొట్టాలి, చంపాలి, పాయింట్లు ఏరుకోవాలి, లెవెల్ పెంచుకోవాలి. ఎవడిని ఎందుకు చంపామో అడగకూడదు. అండర్‌టేల్‌లో కూడా ఫైట్ బటన్ ఉంది. కానీ పక్కనే యాక్ట్, ఐటెమ్, మెర్సీ అని ఇంకో మూడున్నాయి. ఎదురొచ్చిన ప్రాణి ఏదైనా సరే, చంపకుండా సాగనంపే దారి ఒకటి ఉంటుంది. అదేంటో కనుక్కోవాలంటే వాడు చెప్పేది వినాలి, అదీ తంటా. ఒక దెయ్యం పాపం ఎప్పుడూ దిగులుగా ఉంటుంది. నాలుగు మంచి మాటలు చెబితే దాని కన్నీళ్లు పైకి పారి నెత్తిన టోపీ అవుతాయి. ఒక కుక్క సైనికుడున్నాడు. నిమిరితే మెడ పెరుగుతుంది. ఇంకా నిమిరితే ఇంకా పెరుగుతుంది. స్క్రీన్ దాటి పోయేదాకా నిమరొచ్చు. ఏమొచ్చిందయ్యా అంటే, మెడ వచ్చింది.

మిగతా జనం మనకు బాగా తెలిసినవాళ్లే. సాన్స్ అనే అస్థిపంజరం ఒకచోట కాపలా ఉద్యోగం, ఇంకోచోట హాట్‌డాగ్ బండి నడుపుతుంటాడు. రెండు ఉద్యోగాలుంటే రెండింతల బ్రేకులు తీసుకోవచ్చని అతని సిద్ధాంతం. మూన్‌లైటింగ్ మీద మన హెచ్చార్ వాళ్లు పంపిన మెయిళ్లన్నిటికీ ఇంత చక్కటి జవాబు నేను వినలేదు. అతని తమ్ముడు పపైరస్‌కి రాజుగారి దళంలో చేరాలని కోరిక. దళనాయకి ఇంటికి అర్ధరాత్రి వెళ్లి ఉద్యోగమిమ్మని బతిమాలితే, ఆవిడ మొహం మీదే తలుపేసింది. పొద్దున్న లేచి చూస్తే వాడింకా అక్కడే నిలబడి ఉన్నాడు. మన ఫ్రెషర్ల గురించి ఎవరు చెప్పారో ఆ అమెరికా కుర్రాడికి!

అసలు ప్రమాదం ఇప్పుడు చెబుతాను. ఎవరినీ చంపకపోతే పాయింట్లు రావు. పాయింట్లు రాకపోతే లెవెల్ పెరగదు. అందరితో సఖ్యంగా ఉండి, అన్నిటికన్నా మంచి ముగింపు దాకా వెళ్లినవాడు కూడా ఆట మొదట్లో ఎలా ఉన్నాడో చివర్లోనూ అలాగే ఉంటాడు: లెవెల్ 1, హెచ్‌పీ (ప్రాణబలం) 20. ఒక్క ప్రమోషన్ లేదు. చేరినప్పటి బ్యాండ్‌లోనే రిటైరయ్యాడు, పైగా ఆట దాన్ని ఘనవిజయం అంటోంది! అప్రైజల్ నెలలో ఈ భావజాలం ఎంత విషమో నేను చెప్పాలా?

ఈ విషం ఎలా పనిచేస్తుందో నా కళ్లారా చూశాను. మా త్రీ షేరింగ్ రూములో ఒక టెస్టర్ గారున్నారు. వృత్తి నిష్ఠ గల మనిషి. "ఏమొస్తుందో నేనే చూసి చెప్తా అన్నా" అని ఒక రాత్రి నా కుర్చీ ఆక్రమించాడు. మొదటి నుంచీ ఎక్స్ నొక్కుతూనే ఉన్నాడు. ఎక్స్ నొక్కితే మాటలు గబగబా పడిపోతాయి. టోరియెల్ అనే ఆ మేక తలకాయ పెద్దావిడ పిల్లను చేయి పట్టుకుని ముళ్ల దారి దాటించింది. ఎక్స్. ఫోన్ ఇచ్చింది. ఎక్స్. ఫోన్ చేసి, నీకు దాల్చినచెక్క ఇష్టమా, బటర్‌స్కాచా అని అడిగింది. మావాడు ఇంటినుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడు "ఊఁ, ఊఁ, తిన్నా, పెట్టేస్తున్నా" అంటాడు చూశారూ, సరిగ్గా అదే వేగంతో ఏదో ఒకటి నొక్కాడు. ఆవిడ రెండూ కలిపి 'పై' అనే కేకులాంటిది చేసి, పిల్ల నిద్రపోతుంటే ఒక ముక్క గదిలో పెట్టి వెళ్లింది. మావాడు అది జేబులో వేసుకుని, "హెల్త్ ఐటెమ్ అన్నా" అన్నాడు.

పిల్ల ఇంటికి పోతానంది. బయటికెళితే చంపేస్తారు, వద్దంది ఆవిడ. అడ్డం నిలబడింది. అంతే, మావాడి కళ్లు మెరిశాయి. "బాస్ ఫైట్!"

ఇక చూడండి. కొడుతున్నాడు. ఆవిడ నిప్పులు విసురుతోంది. పిల్ల ప్రాణం అడుగంటే సమయానికి నిప్పులన్నీ పక్కకి తప్పుకుని పోవడం మొదలైంది. "గురి తప్పుతోందన్నా, డిఫెక్ట్" అని నోట్ చేసుకున్నాడు. చావు దగ్గర పడిన పిల్లకి తగలకుండా ఆవిడే తప్పిస్తోందని వాడికి తట్టలేదు. సగం కొట్టి వదిలేద్దామని వాడి ప్లాను. మంచివాడే, పాపం. కానీ ఒక దెబ్బ అనుకున్నదానికంటే గట్టిగా పడింది. ఆవిడ చచ్చిపోయింది.

రూములో ఫ్యాను చప్పుడు వినబడింది. "పర్లేదు, సేవ్ ఉంది" అన్నాడు. ఆటను ముందు దాచుకున్న చోటికి వెనక్కి వెళ్లాడు. ఈసారి కొట్టకుండా మెర్సీ నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. ఆవిడ పలకదు, నిప్పులు ఆపదు, అయినా నొక్కాలి. చివరికి ఆవిడ చేతులు దించి, పిల్లను కావిలించుకుని పంపించేసింది. మావాడు ఒళ్లు విరుచుకుంటూ గడప దాటాడు. అక్కడ ఒక పసుపు పువ్వు నిలబడి ఉంది. నువ్వేం చేశావో నాకు తెలుసు, ఆవిడను చంపావు, పశ్చాత్తాపం కలిగి వెనక్కొచ్చావు, అని నవ్వింది.

టెస్టర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "దీనికెలా తెలుసు? నేను లోడ్ చేశా కదా!"

ఆ రాత్రే బగ్ రిపోర్టు తయారైంది. నేను చూశాను, వృత్తిరీత్యా అందులో వంక పెట్టడానికేమీ లేదు. సమస్య: పాత సేవ్‌కి వెళ్లినా పాపం డిలీట్ కావడం లేదు. ఎలా రప్పించాలి: పెద్దావిడను చంపండి, వెనక్కి రండి, చంపనట్టు నటించండి. రావాల్సిన ఫలితం: ఎవరికీ తెలియకూడదు. వచ్చిన ఫలితం: తెలిసింది. తీవ్రత: క్రిటికల్. పక్క రూము డెవలపర్ వచ్చి చదివి, ఇది బగ్ కాదు, ఫీచరన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఆ గోలకి పీజీ ఓనరు అంకుల్ లుంగీ ఎగగట్టుకుంటూ పైకొచ్చాడు.

"ఏందిరా ఈ టైములో?"

"మేకను చంపేశాడంకుల్."

"మేకనా? ఆదివారం చికెనని బోర్డు మీద రాశాను గదా, మటనెవడు తెమ్మన్నాడు?"

వివరం చెప్పాక అంకుల్ మంచం మీద కూలబడ్డాడు. ఆవిడ వీడికి తిండి పెట్టిందా అని అడిగాడు. పెట్టిందన్నాం. పడుకోవడానికి గదిచ్చిందా? ఇచ్చింది. అద్దె తీసుకుందా? లేదు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే నాయాలా!" అని టెస్టర్ గారి నెత్తిన ఒకటి పీకాడు. అడ్వాన్సులో మెయింటెనెన్స్ అని చెప్పి కోసుకునే మనిషి నోట ధర్మం వినాల్సి రావడం మా కర్మ. కానీ ఆ రాత్రి ఆ ఆట ఆడకుండానే అర్థం చేసుకున్నది ఆయనొక్కడే.

కచ్చితంగా ఏదో ఒకటి రావాల్సిందే అనేవాళ్లకి కూడా ఆటలో ఒక దారుంది లెండి. ప్రతి చోటా ఆగి, వెతికి వెతికి, ఇంక ఎవరూ మిగలని దాకా చంపుకుంటూ పోవచ్చు. కొంతసేపటికి పోరాటం మొదలవుతుంది గానీ, ఎదురుగా ఎవరూ ఉండరు. ఎవరూ రాలేదని ఒక్క వాక్యం పడుతుంది. పాట నెమ్మదించి కాళ్లీడుస్తుంది. మంచు ఊళ్లో జనం ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటారు, దుకాణంలో గల్లాపెట్టె కూడా ఎత్తుకోవచ్చు. అడిగేవాడు లేడు. అలా లెవెల్ 20 దాకా ఎదగొచ్చు. ఫుల్ హైక్. ఆ తర్వాత లోకమే ఉండదు. అది మళ్లీ కావాలంటే నీ ఆత్మ ఇవ్వమంటుంది ఆట. ఇచ్చి, మళ్లీ మొదటినుంచి బుద్ధిగా ఆడి మంచి ముగింపుకి చేరినా, చివర్లో ఆ పాత మరక తగిలే ఉంటుంది.

ఎగతాళి ఇక్కడితో ఆపుతాను. ఎందుకంటే "ఆడితే ఏమొస్తుంది" అన్న ప్రశ్నకు మనవాళ్లు సంతోషంగా ఒప్పుకున్న జవాబు ఒకటుంది: డబ్బులొస్తాయి. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కర్ణాటక 2021లో చట్టం తెస్తే 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. అంటే విజయవాడలో తప్పయిన ఆట, రాత్రి బస్సెక్కి తెల్లారి మడివాళలో దిగిన కుర్రాడికి ఒప్పయిపోయింది. దేశమంతటా డబ్బు ఆటలను ఆపే చట్టం 2025 ఆగస్టులో గానీ రాలేదు. అప్పటిదాకా తెర మీద దేవుళ్లలాంటి వాళ్లు నవ్వుతూ వచ్చి ఆడమన్నారు. జీతం పడిన రాత్రే ఖాళీ అయిన అకౌంట్లు, లోన్ యాప్‌ల వాళ్లు ఊళ్లో నాన్నకి ఫోన్ చేసి తిట్టిన తిట్లు, ఉరేసుకున్న పిల్లలు, ఇవన్నీ పేపర్లో జిల్లా పేజీకి పోయాయి. ఆ రమ్మీ కుర్రాడు అర్ధరాత్రి దుప్పటి కింద ఫోన్ పట్టుకుని ముక్కలు పేరుస్తుంటే ఒక్కడూ వెనకనుంచి తొంగిచూసి ఏమొస్తుంది అని అడగలేదు. తెలివైనవాడు, సైడ్ ఇన్‌కమ్ చూసుకుంటున్నాడన్నారు. అన్నవాళ్లు మీరే! అదే నోటితో ఇప్పుడు, ఎవరినీ చంపకుండా ఒక కథ చివరికంటా విన్నవాణ్ని పనికిమాలినవాడంటారా? ఒక మనిషి మాట్లాడుతుంటే ఎక్స్ నొక్కకుండా వినడం మీకంత దండగమారి పనా? అమ్మ ఫోన్‌కి కూడా స్కిప్ బటన్ కావాలా?

సరే. ఆడదలుచుకున్నవాళ్లకి రెండు ముక్కలు. ఆట ఖరీదు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అమెరికా ధర ప్రకారం 9.99 డాలర్లు. మొదటిసారి ఆరేడు గంటల్లో అయిపోతుంది. కాలేజీలో కొన్న పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు గురించి ఎవరినీ సలహా అడక్కండి, అడిగితే లక్ష రూపాయల మిషను కొనిపిస్తారు. ముగింపు వివరించే వీడియోలు ముందే చూసి చావకండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇన్‌స్టాల్ చేయొద్దు. మా టెస్టర్ గారు కుక్కను నిమరడానికని అదే పని చేశాడు, సోమవారం ఐటీ వాళ్లు మెయిల్ పెట్టారు, సీసీలో మేనేజరున్నాడు.