బాట్ల ఓటు.. శివారుకు లోటు

‘వెయ్యి వ్యూస్‌కి ఇంత, అయిదొందల లైకులకి ఇంత, కామెంట్లు కావాలంటే ఎక్స్‌ట్రా’. అమలాపురం నుంచి భీమవరం దాకా వీడియోలు తీసి పెట్టే కుర్రాళ్ల వాట్సాప్‌లకు ఇలాంటి దొంగ వ్యూస్ రేటు కార్డులు వస్తూనే ఉంటాయి. కొనేవాడి డబ్బు, కొనేవాడి ఇష్టం, మధ్యలో మనకెందుకు అని చాలామంది తీసిపారేస్తారు. వ్యవహారం అంత తేలిక కాదు. ఓట్లను బట్టి, వ్యూస్‌ను బట్టి డబ్బులిచ్చే వేదికల్లో దొంగ ఓటు ఖరీదును కొన్నవాడొక్కడే భరించడు.

ఈ జబ్బు ముదిరితే ఎలా ఉంటుందో 2016లో మొదలైన స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్‌లో (అందరికీ కనిపించే ఉమ్మడి డిజిటల్ ఖాతా పుస్తకంలో), దాని మీద నడిచే స్టీమిట్ అనే రాతల సైటులో బట్టబయలైంది. ఆలోచన మంచిదే. చదివినవాళ్లు ఓటేస్తారు, ఏడు రోజులకు లెక్క తేల్చి రాసినవాళ్లకు క్రిప్టో నాణేల రూపంలో సొమ్ము ఇస్తారు. అయితే అక్కడ మనిషికో ఓటు కాదు. ఎవరు ఎక్కువ నాణేలు దాచి కట్టేసుకుంటే వారి ఓటుకు అంత బరువు. రోజుకు పది నిండు ఓట్లు వేసినా ఆ బలం తరగకుండా మళ్లీ నిండుతుంది. అంటే 2.4 గంటలకు ఒక ఓటు. డబ్బు తీసుకుని తమంతట తామే ఓటేసే ప్రోగ్రాములు, అంటే వేలం బాట్లు, పుట్టింది ఈ లెక్కలోంచే. నాణేలతో పాటు పంపే చిన్న చీటీలో (మెమోలో) పోస్టు లింకు పెట్టి పంపితే, ఆ 2.4 గంటల విడతలో ఎవరెంత పంపారో చూసి బాట్ తన నిండు ఓటును వాటాలు వేసి పంచేది. మీరు పది పంపి మిగతా వాళ్లంతా కలిసి తొంభై పంపితే ఓటులో పదో వంతు మీది. పోటీ ఎక్కువైతే పెట్టిందీ తిరిగి రాని విడతలుండేవి.

పోస్టులో ఏముందో బాట్‌కు అక్కర్లేదు. ఒక ఫొటో, కింద నాలుగు ముక్కలు, కొన్న ఓట్లు కలిస్తే ట్రెండింగ్ పేజీకి ఎక్కేయొచ్చు. రాత్రంతా కూర్చుని రాసినవాడి వ్యాసం పైసల దగ్గరే ఆగిపోయేది. బాట్‌ను తిట్టడం సులువే గానీ, మా దృష్టిలో అసలు దోషం బాట్‌ది కాదు. చదివి మంచిచెడ్డలు తేల్చాల్సిన పెద్ద వాటాదారులు తమ ఓటు బలాన్ని బాట్లకు అద్దెకిచ్చి, రోజూ వచ్చే రాబడి చూసుకుంటూ కూర్చున్నారు. చదివే పని ఎవరిదీ కాకుండా పోయింది.

నష్టం ఎవరికి? పంచే సొమ్ము అందరికీ కలిపి ఒకటే రాశి. దాళ్వాలో (రబీ వరికి) కాలువకు వంతులవారీగా నీళ్లొదిలినప్పుడు పైన ఎవరో మోటారు పెట్టి తోడేస్తే ఏమవుతుందో కాలువ చివర ఉండే అల్లవరం, ఉప్పలగుప్తం శివారు రైతులకు ఒకరు చెప్పక్కర్లేదు. కొన్న ఓటు చేసే పనీ అదే. రాశి పెరగదు, ఓటు కొనని వాడి వంతు తరుగుతుంది.

స్టీమ్ సమాజం 2019 ఆగస్టులో నియమాలు మార్చింది. అంతవరకు రాసినవారికి 75, ఓటేసినవారికి 25గా ఉన్న పంపకం చెరిసగం అయింది. చదివి ఓటేసేవాడికి గిట్టుబాటు కావాలన్నది ఉద్దేశం. తమ ఓటు బలం తరగకుండా, పోస్టు రాబడిని తగ్గించే వ్యతిరేక ఓటు వేసే వీలూ కల్పించారు. చాలా వేలం బాట్లు మూతపడ్డాయి. మందుకు దుష్ఫలితాలూ లేకపోలేదు. రాసేవాడి వాటా తగ్గింది, వ్యతిరేక ఓటు పాతకక్షలకూ పనికొచ్చింది. మరుసటి ఏడాది మార్చిలో యాజమాన్య వివాదంతో ఒక వర్గం విడిపోయి హైవ్ అనే వేరే బ్లాక్‌చెయిన్ పెట్టుకుంది. అది వేరే కథ.

క్రిప్టో గొడవ మన గోదావరి లంకలకెందుకు అనడానికి లేదు. యూట్యూబ్ షార్ట్స్‌లోనూ 2023 ఫిబ్రవరి నుంచి ప్రకటనల రాబడిని ఒకచోట పోగేసి, వ్యూస్‌ను బట్టి వాటాలు తేల్చి, అందులో 45 శాతం వీడియో పెట్టినవారికిస్తున్నారు. బాట్ వ్యూస్ అని పసిగడితే యూట్యూబ్ కోసేస్తుంది, ఖాతాకూ ఎసరొస్తుంది. రేటు కార్డు పంపినవాడు మాత్రం ఈ సంగతి చెప్పడు.

ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క విసురున పరిస్తే క్షణాల్లో పూతరేకు లేస్తుంది. ఆ పని చేసే మహిళే తన ఫోన్‌లో తీసి పెట్టిన వీడియోకు వందల్లో వ్యూస్. దాన్నే ఎత్తుకొచ్చి, పాట తగిలించి, వ్యూస్ కొన్న ఖాతాకు లక్షల్లో. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ, వాటిని చేసే చేతుల వీడియోకు ఏ గుర్తింపూ లేదు.

ఇంతకంటే ప్రమాదం వరద రోజుల్లో. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటి దృశ్యాన్ని ‘ఇప్పుడే, బ్యారేజీ దగ్గర’ అని పెట్టి, నాలుగు వేల దొంగ వ్యూస్‌తో పైకి తోస్తే చాలు, మిగతాది జనం భయమే చూసుకుంటుంది. లంకల్లో గొడ్లను గట్టెక్కించాలా వద్దా అని టెన్షన్ పడే ఇంటికి కావలసింది మొదటి హెచ్చరికా, రెండో హెచ్చరికా అన్న నిజం. మొదటిది 10 లక్షల క్యూసెక్కులకు, రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు. డబ్బొచ్చే వీడియోలో ఈ అంకెలుండవు.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో తెచ్చిన నిబంధన, బాట్లతో పుట్టించిన ఫాలోవర్లను, వ్యూస్‌ను వ్యాపారం కోసం తెలిసి అమ్మడాన్నీ కొనడాన్నీ నిషేధించింది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలిచ్చింది, ఆన్‌లైన్ సమీక్షలకు భారతీయ ప్రమాణాల సంస్థ అదే ఏడాది ప్రమాణం తెచ్చింది. రెండో దాన్ని పాటించడం ఐచ్ఛికమే. దొంగ వ్యూస్ అమ్మకాన్ని పేరు పెట్టి నిషేధించే నిబంధన కేంద్రం తేవాలి. కొన్నవాడితో పాటు అమ్మినవాడికీ జరిమానా పడాలి. ఈలోగా ప్రమోషన్ వీడియోలకు వేలు పోసే పాలకొల్లు, తణుకు దుకాణదారులు వ్యూస్ అంకె చూసి చెక్కు రాయడం మానాలి. ఆ వీడియోను ఏ ఊళ్ల వాళ్లు చూశారో, ఎంతసేపు చూశారో చూపే పేజీ ఖాతాదారుడి ఫోన్‌లోనే ఉంటుంది. బేరానికి ముందు దాన్ని తెరిచి చూపించమనాలి.